చల్లారితే మాయమయ్యే ఉప్పు

నన్ను ఎవరు ఎప్పుడు తక్కువ చేశారో నేను మరిచిపోను. మా ప్లాంటు ప్రారంభోత్సవం రోజున వేదిక మీద వరసగా అందరికీ శాలువాలు కప్పుతూ వచ్చి, నా దగ్గరికి వచ్చేసరికి శాలువాలు అయిపోయాయన్నారు. అయిపోలేదు. కుర్చీ కింద కవరులో ఇంకొక శాలువా ఉంది, నా కళ్ళతో చూశాను. సాయంత్రానికి అది మేనేజరుగారి డ్రైవరు భుజం మీద కనిపించింది. "ఇంకా అదేనా?" అని మా ఆవిడ ఇప్పటికీ విసుక్కుంటుంది. అదే. ఇంకా అదే.

రిటైరయ్యాక గిద్దలూరులో మా ఇంటికి వచ్చే కుర్ర ఇంజినీర్లు, "ఇన్ని కోపాలు పెట్టుకుని అన్నేళ్ళు ఎట్ల పనిచేసినారు సార్?" అని అడుగుతుంటారు. కోపాలు ఉండబట్టే పనిచేశాను నాయనా. మంచివాళ్ళు ఒకసారి చెప్పి ఊరుకుంటారు. నాలాంటివాడు ఊరుకోడు. ఊరుకోకపోవడం వల్ల ఒక మనిషికి జరిగిన మేలు ఏమిటో ఇక్కడ చెబుతాను. చదివాక నన్ను మంచివాడని అనుకోనక్కరలేదు.

మార్కాపురం దాటి కంభం వైపు పోయే రోడ్డులో, పలకల గనుల దిబ్బలు వెనకబడ్డాక మా ప్లాంటు ఉండేది. మందుల ఫ్యాక్టరీల నుంచి డ్రమ్ముల్లో వచ్చే విషపు వ్యర్థాలను అక్కడ నాశనం చేసేవాళ్ళం. పొయ్యిలో వేసి కాల్చడం కాదు, నీటిలోనే కాల్చడం. వినడానికి వింతగా ఉంటుంది. నీటిని గట్టి ఉక్కుపాత్రలో బిగించి, బాగా వేడిచేసి, విపరీతమైన ఒత్తిడిలో ఉంచితే ఒక హద్దు దాటాక అది నీరూ కాదు, ఆవిరీ కాదు. సూపర్ క్రిటికల్ నీరు అంటారు. మామూలు నీటితో కలవని నూనెలూ సాల్వెంట్లూ దానిలో ఇట్టే కలిసిపోతాయి. గాలి పంపిస్తే మంట కనిపించకుండానే కాలిపోయి, చివరికి నీళ్ళూ కాస్త గ్యాసూ మిగులుతాయి. మంచి పద్ధతి. నాకు ఆ పద్ధతి మీద ఎప్పుడూ ఫిర్యాదు లేదు. నా ఫిర్యాదులన్నీ మనుషుల మీదే.

అయితే ఆ నీటికి ఒక వంకర బుద్ధి ఉంది. మన వంటింట్లో నీళ్ళు వేడెక్కితే ఉప్పు తొందరగా కరుగుతుంది. ఈ నీళ్ళు మాత్రం ఆ హద్దు దాటగానే ఉప్పును మోయనంటాయి. అప్పటిదాకా కరిగి ఉన్నదంతా పొడిగా, బంకగా బయటపడుతుంది. పోనీ ఉప్పు లేకుండా చూసుకుందామా అంటే కుదరదు. వ్యర్థాల్లో క్లోరిను, గంధకం ఉంటాయి. కాలితే ఆమ్లాలవుతాయి. ఆమ్లం ఉక్కును తినేస్తుంది కాబట్టి కాస్టిక్ సోడా కలుపుతాం. ఆమ్లమూ సోడా కలిస్తే ఉప్పు. అంటే ఉప్పును మేమే తయారుచేసి, ఉప్పంటే గిట్టని నీటిలో పోస్తున్నామన్నమాట.

ఈ సంగతి డిజైను చేసినాయనకు తెలియక కాదు. హైదరాబాదు హెడ్డాఫీసులో ఉండేవాడు. మా రియాక్టరు ఆయన మెదడులోంచి పుట్టింది. నిలువుగా ఉండే ఉక్కుపాత్ర, పైభాగం వేడి, అడుగుభాగం చల్లన. పైన బయటపడ్డ ఉప్పు కిందికి రాలి, అడుగునున్న చల్లటి నీటిలో కరిగి, బయటికి పోవాలి. కాగితం మీద అందంగా ఉంటుంది. ఆయన మొదటిసారి ప్లాంటుకు వచ్చినప్పుడు నాతో కరచాలనం చేసి, "మీరు స్టోర్స్ చూస్తారా?" అని అడిగాడు. నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, ప్లాంటు నడిపే బాధ్యత నాది. మేనేజరు పక్కనే ఉండి నవ్వాడే తప్ప సరిదిద్దలేదు. అది రెండోది.

కంట్రోల్ రూములో బోర్డు మీద, అంటే ప్లాంటును నడిపే స్క్రీన్ల ముందు, కూర్చునే ఆపరేటర్లలో ఒకే ఒక అమ్మాయి ఉండేది. కురిచేడు దగ్గర పల్లె. తల్లీ నాయనా కూలిపనులకు పోయేవాళ్ళు. వాళ్ళ చర్చి పాస్టరు పట్టుబట్టి డిప్లొమా దాకా చదివించాడు. మాట పెళుసు, పని నికరం. ఆమె షిఫ్టులో నేను నిశ్చింతగా కాఫీ తాగేవాణ్ణి. మిగతా షిఫ్టుల్లో కప్పు చేత్తో పట్టుకుని తిరిగేవాణ్ణి.

మాకు ముఖ్యమైన మీటరు ఒకటుంది. రియాక్టరులోకి పోయే ఒత్తిడికీ బయటికి వచ్చే ఒత్తిడికీ ఉన్న తేడాను స్క్రీను మీద చూపిస్తుంది. ఆ తేడా పెరిగిందంటే లోపల ఏదో అడ్డం పడుతోందని అర్థం. గంధకం ఎక్కువగా ఉన్న డ్రమ్ములు వచ్చినప్పుడల్లా ఆ అమ్మాయి షిఫ్టులో తేడా పాకుతూ పైకి పోయేది. ఆమె లేచి, కాంక్రీటు గోడ అవతల బిగించిన ఫీల్డు గేజు దగ్గరికి పోయి, అక్కడి ముల్లు కూడా ఎక్కిందని చూసుకుని, వచ్చి ప్లాంటు ఆపేసేది. అదే సరైన పని. ఆపకపోతే ఆ ఒత్తిడికి ఏమవుతుందో చెప్పడానికి అక్కడెవరూ మిగలరు. మిగతా షిఫ్టుల వాళ్ళు తేడా పెరగడం మొదలవగానే మెల్లగా ఫీడు, అంటే లోపలికి పోసే వ్యర్థం, తగ్గించి, పక్క షిఫ్టు మీదికి నెట్టి ఇంటికి పోయేవాళ్ళు. అందువల్ల ప్లాంటు ఆగినప్పుడల్లా రికార్డులో ఆమె పేరే కనిపించేది.

డ్రమ్ములు పేరుకుపోయాయి. హెడ్డాఫీసు నుంచి డిజైను సారు వస్తున్నాడని కబురు వచ్చింది. ఆ కబురు రాగానే మా మేనేజరు ఏం చేశాడో మీరు జాగ్రత్తగా వినాలి. ఆయన మార్కాపురం వ్యాపారస్తుల కుటుంబం నుంచి వచ్చినవాడు. దుకాణం ముందు నీళ్ళు చల్లి, గల్లా తుడిచి, అప్పుడు గిరాకీని పిలిచే అలవాటు ఆయన ఒంట్లో ఉంది. పైనుంచి ఎవరు వస్తున్నా ప్లాంటు అంతా కడిగించేవాడు. నేల కడగడం, పైపులు తుడవడం, చివరికి రియాక్టరు లోపల కూడా మంచినీళ్ళు పోసి కడగడం. ఆ రోజు రియాక్టరు ఆపి చల్లార్చడంతోనే ఒక విడత కడుగుడు అయింది. ఆయన వచ్చి, "హైదరాబాదు సారు మూత తీసి చూస్తాడంట. ఇంకొక తూరి కడగండప్పా, తళతళా మెరవాల" అన్నాడు. కడిగారు. మెరిసింది.

డిజైను సారు మూత తీయించి, టార్చి వేసి చూశాడు. లోపల అద్దంలా ఉంది. కంట్రోల్ రూములోకి వచ్చి ఆ అమ్మాయి ఎదురుగా నిలబడ్డాడు.

"ఉప్పు అడ్డం పడిందని రాశావు. ఉప్పేదమ్మా? చూపించు."

"చల్లారితే కరిగిపోతుంది కదా సార్" అని నేను అందుకున్నాను.

"కరిగిపోయిన దొంగ మీద కేసు పెట్టలేం. నా డిజైన్లో ఉప్పు గోడకు పట్టదు. మీటరు పాడయింది. ఫీల్డు గేజు చూసి ఉంటే ఆ సంగతి తెలిసేది. ఈ అమ్మాయి చూడలేదు, ఏసీలోంచి లేవకుండానే చూశానని రాసింది."

ఆ అమ్మాయి గొంతు లేచింది. "లేచినా సార్. పోయి చూసినా. ముల్లు ఎర్రగీత దాటి పోయినాది."

"ఎవరు చూశారు నువ్వు చూడటం?"

"అక్కడ ఇంకొకరు ఉంటే నేనెందుకు పోవాల?"

మేనేజరు మధ్యలో దూరి, "అమ్మా, చూడలేదని ఒక్క మాట ఒప్పుకో. వార్నింగుతో పోతది" అన్నాడు.

"చూసిందాన్ని చూడలేదని ఎట్ల ఒప్పుకునేది సార్? రేపు నిజంగా చూడకపోతే అప్పుడేం చెప్పేది?"

నేను ఒత్తిళ్ళ లెక్క చెప్పబోయాను. డిజైను సారు చేయెత్తి ఆపాడు. "కెమిస్ట్రీ వాళ్ళు ప్రెషర్ సంగతి మాట్లాడకండి ప్లీజ్." అది మూడోది. ఈ మూడోదాన్ని నేను ఆయన రిటైరయిన రోజున కూడా ఫోను చేసి గుర్తుచేశాను.

తప్పుడు రీడింగు రాసిందన్న ఆరోపణతో ఆ అమ్మాయిని సస్పెండు చేశారు. విచారణ పూర్తయ్యాక తీసేస్తారని అందరికీ తెలుసు. మా రంగంలో తప్పుడు రీడింగు అన్న మాట ఒకసారి పడితే ఇంకొక ప్లాంటు గేటు కూడా తెరుచుకోదు. దొంగతనం చేసినవాడికైనా ఎక్కడో పని దొరుకుతుంది గానీ, చూడని గేజును చూశానన్నవాళ్ళకు దొరకదు.

ఆదివారం వాళ్ళ ఊరికి పోయాను. ఆరాధన అయిపోయి జనం ఇళ్ళకు పోతున్నారు. వాళ్ళ నాయన నన్ను చూడగానే భుజం మీది తువ్వాలు తీసి మంచం తుడిచాడు. తల్లి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. "అన్నా, మా పిల్ల నోరు పెద్దదే. అబద్ధం మాత్రం ఆడదన్నా" అంది.

పిల్ల గడపలోంచి బయటికి రాలేదు. రేపటినుంచి మిరపకోతకు పోతానని అప్పటికే ముఠామేస్త్రితో మాట్లాడుకుందట.

"మీరు గూడా నమ్మలేదు గదా సార్?" అంది లోపలినుంచే.

"నమ్మకపోతే ఈ ఎండలో ఇంత దూరం ఎందుకు వస్తాను?"

"మరి ఆ సారు ఉప్పేది అంటే గమ్మునెందుకు నిలబడినారు?"

"చెప్పాను కదా, చల్లారితే కరుగుతుందని."

"చెప్పినారు. చూపించలేదు." అప్పుడు బయటికి వచ్చి గుంజకు ఆనుకుంది. "ఎట్ల చూపిస్తారు? మనమే చల్లార్చినాం, మనమే కడిగినాం. ఒక తూరి చాలక రెండో తూరి. చుట్టాలు వస్తన్నారని ఇల్లంతా ఊడ్చి తుడిచి, వచ్చినాక దుమ్ము చూపించమంటే యాడనుంచి తెచ్చేది?"

వాళ్ళ నాయన నవ్వబోయి, నా మొహం చూసి ఆపుకున్నాడు.

"కడగకుండా ఉంటే?" అన్నాను.

"కడగకపోయినా చల్లారేటప్పుడు లోపల నీళ్ళుంటాయి గదా. వాటిలోనే కరిగిపోతది."

"నీళ్ళే లేకపోతే?"

మా పద్ధతి ప్రకారం ముందు చల్లార్చాలి, తర్వాత ఒత్తిడి దించాలి. పుట్టినప్పటినుంచి ఆ రియాక్టరును అట్లాగే ఆపుతున్నాం.

"వేడి తగ్గనియ్యకుండా ముందు ఒత్తిడి దించితే?" అన్నాను.

"నీళ్ళన్నీ ఆవిరై పైనుంచి పోతాయి."

"ఉప్పు?"

"ఉప్పు యాడికి పోతది సార్? గోడకు అట్లనే అంటుకుని ఉంటది." గుంజ వదిలి నిటారుగా నిలబడింది. "ఎండిపోయి, దొరికిపోతది!"

"ఏందో మీ గోల నాకు తెల్దు గానీ, కూడు తినిపోండి అన్నా" అంది తల్లి. జొన్నరొట్టె, గోంగూర పచ్చడి పెట్టింది. మా హెడ్డాఫీసు విందుల్లో నాకు ఎప్పుడూ చివరి పంక్తే. అక్కడ మొదటి కంచం నాదే.

మరుసటి వారం మీటరు మార్పించడానికి డిజైను సారు మళ్ళీ వచ్చాడు. క్యాంటీనులో మేనేజరుతో కలిసి తింటున్న ఆయన ఎదురుగా కూర్చున్నాను, ఆయన కూర్చోమనకుండానే. విషయం చెప్పాను. ముందు కొట్టిపారేశాడు. వేడి మీద ఒత్తిడి దించితే లోహం దెబ్బతింటుందన్నాడు. మెల్లగా దించితే దెబ్బతినదన్నాను. ఎంత మెల్లగానో మీకెలా తెలుసన్నాడు. నాకు తెలియదు, మీకు తెలుసు, మీరే లెక్క కట్టండన్నాను. ఆ మాటకు పెన్ను తీశాడు. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి: ఆయనకు గర్వం ఉంది గానీ బద్ధకం లేదు. సాంబారు చల్లారిపోతున్నా పేపరు నాప్కిను మీద లెక్క వేసుకుంటూ కూర్చున్నాడు.

చివరికి తలెత్తి అన్నాడు. "చేద్దాం. నేనే దగ్గరుంటాను. కానీ లోపల ఖాళీగా ఉంటే విచారణ అక్కడికక్కడే ముగుస్తుంది. ఆ అమ్మాయి డిస్మిసల్ కాగితం మీద సంతకం మీరు పెట్టాలి."

మేనేజరు నా వైపు జాలిగా చూశాడు. ఆయన జాలిని కూడా నేను గుర్తుపెట్టుకున్నాను.

"పెడతాను" అన్నాను. ఆ రాత్రి లెక్క మళ్ళీ మొదటినుంచి వేశాను. లెక్క ప్రకారం ఉప్పు ఉండాలి. కానీ లెక్కలు రియాక్టరు మూతకు ఇవతలే ఉంటాయి.

మా ఫిట్టరు గురించి ఇప్పుడు చెప్పాలి. ప్లాంటులో అందరికీ మామ. ఫ్యాక్టరీల్లోకి రాకముందు మార్కాపురం గనుల్లో పలకలు చీల్చేవాడు. రాయిని పట్టుకుని చెవి దగ్గర తట్టి, ఏ పొర ఎక్కడ విడిపోతుందో చెప్పేవాడట. మా దగ్గర బోల్టులు బిగిస్తూ కూడా పక్కన తట్టి వినేవాడు. పరీక్షకు ముందురోజు ఆయనతో, "మామా, ఈసారి వాష్ వాటరు ఒక్క చుక్క పడకూడదు. అందరికీ చెప్పు" అన్నాను.

"చెప్తే యాడ వింటారు నాయనా? మనోళ్ళ చేతులు ఊరుకోవు" అని వెళ్ళిపోయాడు.

పరీక్ష రోజు పొద్దున్నే గంధకం డ్రమ్ములు పెట్టాం. కొత్త మీటరు బిగించి ఉంది. ఆ అమ్మాయిని లోపలికి రానివ్వమని అడిగాను. సస్పెన్షన్‌లో ఉన్నవాళ్ళు గేటు దాటకూడదని మేనేజరు రూలు చెప్పాడు. అయినా ఆమె వచ్చింది. వాచ్‌మన్ గది పక్కనున్న వేపచెట్టు నీడలో, వాళ్ళ నాయనతో కలిసి బండరాయి మీద కూర్చుంది. బోర్డు మీద వేరే ఆపరేటరు.

మధ్యాహ్నానికి తేడా పాకడం మొదలైంది. కొత్త మీటరే. డిజైను సారు స్క్రీను వైపు కాసేపు చూసి, ఎవరికీ చెప్పకుండా లేచి గోడ అవతలికి పోయాడు. ఫీల్డు గేజు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను వెనకాలే పోయాను. ముల్లు ఎర్రగీత దగ్గర వణుకుతోంది, తర్వాత దాటింది.

"చూస్తున్నారా సార్?" అన్నాను.

"చూస్తున్నాను."

"మీరు చూడటం నేను చూశాను" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది అనుకుంటారేమో. నేను అనుకోను.

"పంపు కూడా కారణం కావచ్చు" అన్నాడు గానీ, గొంతులో మునుపటి బరువు లేదు.

వ్యర్థాల ఫీడు ఆపాం. వేడి తగ్గకుండా శుభ్రమైన నీటితో లోపల మిగిలిన వ్యర్థాన్ని కాసేపు బయటికి నెట్టాం. ఆ వేడిలో నీరు ఉప్పును కరిగించలేదు కాబట్టి భయం లేదు. అడుగునున్న చల్లటి నీటిని బయటికి వదిలేశాం. పంపులు ఆపి, హీటర్లు ఆన్‌లోనే ఉంచి, డిజైను సారు లెక్క ప్రకారం పైనుంచి ఒత్తిడి మెల్లగా దించడం మొదలుపెట్టాం. ఆవిరి తెల్లగా పోతోంది. అందరి కళ్ళూ స్క్రీను మీదే. ఒత్తిడి దాదాపు దిగిపోయింది.

సరిగ్గా అప్పుడు మేనేజరు తలుపు తోసుకుని వచ్చాడు. రియాక్టరు ఆగిందని ఎవరో చెప్పారు. ఆగింది, హైదరాబాదు సారు ఇక్కడే ఉన్నాడు, ఇంకేం కావాలి? అలవాటు ముందు పరీక్ష సంగతే మరిచిపోయాడు. గుమ్మంలోంచే కేక వేశాడు. "సారు రేపు మూత తీస్తాడు, చూస్తా నిలబడినారేంది? కడగండప్పా!"

నేను "వద్దు" అనేలోపల బోర్డు మీది కుర్రాడి చేయి వాష్ బటను మీద పడింది. పాపం వాడి తప్పేమీ లేదు. రియాక్టరు ఆగాక ఆ చేయి ఎప్పుడూ పోయేది అక్కడికే. గోడ అవతల వాల్వు టక్కున తెరుచుకున్న చప్పుడు వినిపించింది. ఒక్క బకెట్టు నీళ్ళు పడితే చాలు, అంతా కరిగిపోతుంది. రేపు లోపల అద్దంలా మెరుస్తుంది. నేను సంతకం పెట్టాలి.

డిజైను సారు కూడా లేచి నిలబడ్డాడు. "హూ టోల్డ్ యూ…"

నేను పరిగెత్తాను. రియాక్టరు గది బయట ఫిట్టరు మామ స్టూలు మీద కూర్చుని బీడీ లేకుండా ఉత్త నోరు ఆడిస్తున్నాడు.

"మామా! వాష్ వాల్వు తెరిచారు!"

"తెరవనీ."

"నీళ్ళు పోతాయి మామా!"

"యాడికి పోతాయి? పొద్దునే లైను ఊడబీకి, మధ్యలో ఇనుపరేకు పెట్టి బిగించినా. చెప్పినా గదా, మనోళ్ళ చేతులు ఊరుకోవని. మనుషుల్ని బిగించలేం. పైపును బిగించినా."

నేను గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాను. మామ నా వైపు చూసి, "లెయ్యి నాయనా, ప్యాంటు మాస్తది" అన్నాడు.

ఆ రాత్రంతా నైట్రోజను వాయువుతో పొడిగానే చల్లార్చాం. పొద్దున ఆ అమ్మాయి మళ్ళీ వచ్చి గేటు దగ్గర వేపచెట్టు కింద కూర్చుంది, మేం మూత తీశాం. మామ బోల్టులు విప్పుతుంటే డిజైను సారు పక్కనే నిలబడ్డాడు. మేనేజరు దూరంగా, ఎటు పరిగెత్తాలో తేల్చుకోలేనట్టు. చైను బ్లాకుతో మూత పైకి లేచింది. డిజైను సారు వంగి టార్చి వేశాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. ఆయన వీపు మాత్రమే నాకు కనిపిస్తోంది. ఒకరి వీపును అంత శ్రద్ధగా నేనెప్పుడూ చూడలేదు.

మామ ఆయన భుజం మీంచి తొంగి చూసి, "ఓర్నీ! సున్నం కొట్టిన బావి మాదిరి ఉండాది లోపల!" అన్నాడు.

వేడి భాగమూ చల్లటి భాగమూ కలిసే చోటికి కాస్త పైన, గోడ చుట్టూ తెల్లటి ఉప్పు కట్టుకుని ఉంది. మధ్యలో మనిషి మణికట్టు దూరేంత కంత మాత్రమే మిగిలింది. ఆ కంతలోంచే అంత ఒత్తిడిలో అంత నీరు పోతూ ఉండేది. ఆ అమ్మాయి ప్రతిసారీ ఆపింది దాన్ని.

డిజైను సారు నిటారుగా లేచి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "గేటు దగ్గరున్న అమ్మాయిని పిలవండి" అన్నాడు.

"రూలు ప్రకారం సార్…" మేనేజరు మొదలుపెట్టాడు.

"పిలవండి."

ఎవరిదో హెల్మెట్టు పెట్టుకుని ఆమె వచ్చింది. అది పెద్దదై కళ్ళ మీదికి జారుతోంది. డిజైను సారు టార్చి ఆమె చేతికే ఇచ్చి పక్కకు జరిగాడు. ఆమె వంగి చూసింది. లేచి, హెల్మెట్టు వెనక్కి నెట్టుకుని, ఆయన మొహంలోకి చూస్తూ అంది:

"ఇదే సార్ మీరడిగిన ఉప్పు."

ఆయన ఇంగ్లీషులో క్షమాపణ చెప్పాడు. తెలుగులో చెప్పమందామని నేను నోరు తెరిచాను. ఫిట్టరు మామ నా కాలు గట్టిగా తొక్కాడు.

తర్వాత మామ పాత సంచిలోంచి పలకలు చీల్చే చదునుపాటి ఉలి తీశాడు. ఆ ఉలి ఆయన ఇన్నేళ్ళూ దాచుకున్నాడని మాకు తెలియదు. పొడవాటి కమ్మీకి దాన్ని కట్టి, లోపలికి దించి, గోడ పక్కన మెల్లగా తట్టి, చెవి పెట్టి విన్నాడు. ఇంకొకచోట తట్టాడు. ఒక్క దెబ్బ వేశాడు. చిప్పలా వంపు తిరిగిన ఉప్పుముక్క చెక్కుచెదరకుండా విడిపోయింది. డిజైను సారు దాన్ని రెండు చేతులతో అందుకున్న తీరు చూసి, పురిటిబిడ్డను అందుకుంటున్నాడా అనిపించింది. పాలిథీను సంచిలో చుట్టి, హైదరాబాదు దాకా కారులో ఒళ్ళో పెట్టుకుని తీసుకుపోయాడు.

డిజైను మారింది. పైభాగాన్ని మధ్యమధ్యలో కావాలనే చల్లబరిచి, గోడకు పట్టిన ఉప్పు మందం కాకముందే కరిగించి కిందికి దించే ఏర్పాటు చేశాడు. గంధకం డ్రమ్ములను విడిగా పెట్టకుండా మిగతావాటితో కలిపి పోసే పద్ధతి నేను పెట్టాను. దీని మీద హెడ్డాఫీసులో ఆయన ఇచ్చిన ఉపన్యాసానికి మమ్మల్ని పిలిచారు. చివరి స్లైడు మీద కృతజ్ఞతలు సైట్ టీముకు అని ఉంది. పేర్లు లేవు. అది ఎన్నోదో లెక్క వేసుకుని పక్కన పెట్టాను.

సస్పెన్షన్ రద్దయింది. ఉత్త రద్దు సరిపోదని నేను పట్టుబట్టాను. రీడింగు నిజమని, ప్లాంటు ఆపడం సరైన నిర్ణయమని రాసిస్తే తప్ప ఆమె బోర్డు ఎక్కదని చెప్పాను. ఆమెను అడగకుండానే చెప్పాను. తర్వాత అడిగితే, "నేనూ అదే అనుకుంటన్నా సార్" అంది. రాసిచ్చారు. మేనేజరే షిఫ్టు మారే వేళ అందరి ముందూ చదివాడు. "ఆపరేటరు ఫీల్డు గేజును స్వయంగా పరిశీలించినది వాస్తవం" అన్న చోట ఆయన గొంతు కాస్త తగ్గింది. "వినపడలా సార్" అన్నాడు ఫిట్టరు మామ వెనకనుంచి. మళ్ళీ చదివాడు.

అదే రోజు కొత్త పద్ధతిలో రియాక్టరు మొదలుపెట్టాం. ఎవరు మొదలుపెట్టాలన్న చర్చే రాలేదు. మేనేజరు స్వీటు డబ్బా తెచ్చి ఆమె ముందు చాపాడు.

"పక్కన పెట్టండి సార్. ఫీడు పెట్టినాక తింటా."

ఫీడు పెట్టింది. గంధకం డ్రమ్ములు కలిపిన ఫీడే. తేడా కొంచెం లేచింది. ఆమె పైభాగాన్ని చల్లబరిచింది. అడుగునుంచి వచ్చే నీటిలో ఉప్పు కొలిచే గీత ఒక్కసారిగా పైకి ఎగిరింది, ఒత్తిడి గీత కిందికి దిగింది. "అదిగో సార్, కరిగి పోతాంది!" అంది స్క్రీను మీద వేలు పెట్టి. నేను, మామ, మిగతా షిఫ్టువాళ్ళు ఆమె కుర్చీ వెనక గుమిగూడి చూశాం. మళ్ళీ లేచింది, మళ్ళీ దించింది. ప్లాంటు ఆగలేదు.

షిఫ్టు చివర ఆమె చేయి చాపి స్వీటు డబ్బా మూత తీసింది. లోపల కాగితం మాత్రమే ఉంది.

"ఏంది మామా, నాకు ఒక్కటన్నా మిగల్చలేదా?"

మామ నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను. మేనేజరు కారు తాళాలు తీసుకుని, డ్రైవరును కూడా పిలవకుండా, తనే మార్కాపురం బజారుకు బయలుదేరాడు. ఒక ఆపరేటరు కోసం మేనేజరు మిఠాయి దుకాణానికి పోవడం నా సర్వీసులో నేను చూసింది అదొక్కసారే. ఆయన తిరిగి వచ్చేదాకా ఆమె కుర్చీలోంచి లేవలేదు.